తడిరోడ్డుపై టైరు పట్టు

వానకాలము పల్లెకు పండుగ, పట్టణమునకు పరీక్ష. నైరృతి ఋతుపవనములు జూన్ మాసమున తెలంగాణమున ప్రవేశించి సెప్టెంబరు దాక వానలు కురియించును. అవి తిరుగుముఖము పట్టునప్పుడు అక్టోబరులోను ఒక్కొక్కసారి పెద్దవానలు పడును. పొలమున పడిన వాన నేలలో ఇంకును. రోడ్డుపై పడిన వానకు ఇంకుటకు తావులేదు. అది తారుమీదను, సిమెంటుమీదను పలుచని పొరగా నిలిచి, పల్లమును వెదకికొనుచు పోవును. ఆ నీటిపొర మీదనే వేలకొలది బండ్లు పోవలసియుండును. బండికిని నేలకును నడుమ నుండునది టైరొక్కటియే. కావున బండి నడపువాని ప్రాణమును, దారిన పోవు పాదచారి ప్రాణమును ఆ టైరు పట్టుపై ఆధారపడియున్నవి.

హైదరాబాదు నగరమునకు తూర్పు దిక్కున దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ అను పేటలు కలవు. ఎల్.బి.నగర్ అనగా లాల్ బహదూర్ నగర్. భారత ప్రధానిగా నుండిన లాల్ బహదూర్ శాస్త్రి పేర ఇది వెలసినది. హైదరాబాదు నుండి విజయవాడకు పోవు జాతీయ రహదారి ఈ రెండు పేటల మీదుగా పోవును. పూర్వము దీనిని 9వ నంబరు రహదారి యనెడివారు. ఇప్పుడిది 65వ నంబరు. మలక్‌పేట దాటిన పిదప దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేట, ఎల్.బి.నగర్ కూడలి, వనస్థలిపురము, హయత్‌నగర్ క్రమముగా వచ్చును. ఎల్.బి.నగర్ కూడలి కడ నాగోలు, ఉప్పల్ వైపునుండి వచ్చు మార్గమును, నాగార్జునసాగర్ దారికి పోవు మార్గమును కలిసికొనును. 2018 సెప్టెంబరులో అమీర్‌పేట నుండి ఎల్.బి.నగర్ వరకు మెట్రో రైలు నడువసాగెను. రోడ్డు నడుమ వరుసగా స్తంభములు, వానిపై రైలువంతెన. క్రింద సిటీబస్సులు, ఆటోలు, కార్లు, మోటారు సైకిళ్ళు, దూరప్రయాణపు బస్సులు, లారీలు. దిల్‌సుఖ్‌నగర్‌లో శిక్షణ కేంద్రములు పెక్కు గలవు. పుస్తకముల సంచులు తగిలించుకొని రోడ్డు దాటు విద్యార్థులు ఉదయ సాయంకాలములందు గుంపులు గుంపులుగా కానవత్తురు. ఇట్టి చోట బండి సమయమునకు ఆగుట, ఆగకపోవుట అనునది చిన్న విషయము కాదు.

2020వ సంవత్సరము అక్టోబరు 13, 14 తేదులలో హైదరాబాదున కుంభవృష్టి కురిసెను. 14వ తేది ఉదయముతో ముగిసిన 24 గంటలలో బేగంపేట వాతావరణ కేంద్రమున సుమారు 19 సెంటీమీటర్ల వర్షము నమోదయ్యెను. నగరమునకు తూర్పుననున్న ఘట్‌కేసర్ ప్రాంతమున 32 సెంటీమీటర్లు పడెను. సరూర్‌నగర్ చెరువు పరిసరములందలి కాలనీలు నీట మునిగెను. విజయవాడ రహదారిపై నీరు పొంగి పారుటచే రాకపోకలు నిలిచిపోయెను. అట్టి దినమున ఎంత మంచి టైరైనను అక్కరకు రాదు. ఇల్లు కదలకుండుటయే వివేకము. కాని అట్టి వాన ఏండ్లకొకసారి వచ్చును. తక్కిన వానలు మామూలు వానలు. ఎవ్వరును భయపడనివి, ఎవ్వరును పని మానుకొననివి. టైరు మంచిచెడ్డలు బయటపడునది ఆ మామూలు వానలలోనే.

అందులోను తొలి జల్లు మిక్కిలి మోసకారి. నెలల తరబడి వానలేని రోడ్డుపై దుమ్ము పేరుకొనియుండును. బండ్లనుండి బొట్టుబొట్టుగా కారిన నూనె, అరిగి రాలిన రబ్బరు పొడి దానితో కలిసియుండును. కూడళ్ళవద్దను, బస్సులు ఆగు తావులందును ఈ జిడ్డు మరింత హెచ్చు. సన్నని జల్లు పడగానే ఇదంతయు పైకి తేలి, సబ్బునురుగు వలె రోడ్డును జారుడుచేయును. గట్టివాన కొంతసేపు కురిసి దానిని కడిగివేసిన పిదప రోడ్డు కొంచెము నయము. కావున “చినుకులే కదా” యని వేగము తగ్గింపనివాడు, జోరువానలో మెల్లగా పోవువానికంటె హెచ్చు ప్రమాదమునకు లోనగుచున్నాడు.

టైరు నేలను పట్టుకొను తీరు తెలిసినగాని దాని ఎంపిక తెలియదు. నిలిచియున్న కారు టైరు నేలను తాకు భాగము సుమారు ఒక అరచేయి వైశాల్యము గలది. అట్టి అరచేతులు నాలుగు మాత్రమే వెయ్యి కిలోగ్రాములు దాటిన బండిని మోయుచు, త్రిప్పుచు, ఆపుచున్నవి. రోడ్డు కంటికి నునుపుగా తోచినను, దానియందు కంకర మొనలు, సందులు కలవు. రబ్బరు మెత్తనిది. బరువు పడగానే అది ఆ మొనల చుట్టును అణగి, సందులలోనికి దిగి, గట్టిగా హత్తుకొనును. దీని వలన పుట్టు ఘర్షణయే టైరు పట్టు. నడుమ నీటిపొర నిలిచినచో రబ్బరు కంకరను తాకజాలదు. కావున తడిరోడ్డుపై టైరునకు రెండు పనులు కలవు. మొదట నీటిని ప్రక్కకు తోయవలెను. పిదప నేలను పట్టుకొనవలెను.

ఈ రెండు పనులకును దొరకు కాలమెంతయో లెక్కింపవచ్చును. గంటకు 60 కిలోమీటర్ల వేగమనగా సెకండుకు 16.7 మీటర్లు. టైరు నేలను తాకు భాగము పొడవు సుమారు 15 సెంటీమీటర్లనుకొన్నచో, అంత దూరము దాటుటకు పట్టునది సెకండులో నూరవవంతు కంటె తక్కువ. ఇక నీటి మాట. టైరు వెడల్పు 185 మిల్లీమీటర్లు, రోడ్డుమీది నీటి లోతు 3 మిల్లీమీటర్లు అనుకొందము. అదే వేగమున ఒక్క టైరు సెకండుకు తొమ్మిది లీటర్లకు పైగా నీటిని తొలగింపవలసియుండును. రెండు సెకండ్లలో ఒక బిందె నిండునంత నీరు! ఈ నీరు పోవుటకు త్రోవ యేది? టైరుమీది గాళ్ళే ఆ త్రోవ.

టైరుమీది గాళ్ళు అందముకొరకు చెక్కినవి కావు. చుట్టును పోవు నిలువు గాళ్ళు కాలువల వంటివి. నీటిని వెనుకకు పంపును. వానినుండి అంచులవైపు చీలు అడ్డుగాళ్ళు పిల్లకాలువల వంటివి; నీటిని ప్రక్కలకు పంపును. రబ్బరు దిమ్మలపై కత్తితో గీచినట్లుండు సన్నని చీలికలు మిగిలిన పలుచని తడిని పీల్చి, తమ అంచులతో నేలను గీరి పట్టుకొనును. ఊరికాలువ పూడినచో వీధి మునుగును. అట్లే టైరు అరిగి గాళ్ళ లోతు తగ్గినచో నీరు పోవుటకు తావుండదు.

తోయబడని నీరు టైరు ముందు పోగుపడి, చీలికవలె దాని క్రిందికి జొచ్చి, టైరును పైకెత్తును. అప్పుడు బండి నేలమీద కాక నీటిమీద పోవుచుండును. స్టీరింగు త్రిప్పినను బండి తిరుగదు. బ్రేకు త్రొక్కినను ఆగదు. దీనిని ఆక్వాప్లేనింగ్ అందురు. విమానములు తడిసిన రన్‌వేలపై దిగునప్పుడు కలుగు ఈ విపత్తును అమెరికాలోని నాసా సంస్థయందు వాల్టర్ హార్న్, రాబర్ట్ డ్రెహర్ అనువారు పరిశోధించి 1963లో తమ ఫలితములను ప్రకటించిరి. టైరులోని గాలి ఒత్తిడికిని, అది నీటిపై తేలు వేగమునకును సంబంధము కలదని వారు చూపిరి. ఒత్తిడి సంఖ్యకు వర్గమూలము తీసి, దానిని సుమారు 16.7చే గుణించినచో, లోతైన నీటిలో టైరు తేలు వేగము గంటకు ఇన్ని కిలోమీటర్లని ఉజ్జాయింపుగా తెలియును. గాలి 36 పౌనులున్నచో వర్గమూలము 6. టైరు తేలు వేగము సుమారు 100 కిలోమీటర్లు. గాలి 25 పౌనులకు తగ్గినచో వర్గమూలము 5. ఆ వేగము సుమారు 83 కిలోమీటర్లకు దిగును. గాలి పట్టించుటకు బద్ధకించిన వాడు తెలియకయే తన క్షేమమును కుదించుకొనుచున్నాడు. గాళ్ళు లోతుగానున్న టైరు నీటిని బయటికి పంపి ఈ విపత్తును కొంత వెనుకకు నెట్టును. అరిగిన టైరు దానిని దగ్గరకు తెచ్చును. హయత్‌నగర్ దాటి బండ్లు వేగమందుకొను రహదారిపై ఈ లెక్క గుర్తుంచుకొనదగినది.

అయినచో, వేగము తక్కువగానుండు దిల్‌సుఖ్‌నగర్ వీధులలో భయము లేదా? కలదు. అచ్చట బండి నీటిపై తేలకపోయినను, ఆగుటకు పట్టు దూరము పెరుగును. ఎనిమిదవ తరగతి విద్యార్థులు ఘర్షణను గూర్చి చదువుకొందురు. పట్టు ఎంత యున్నదో తెలుపు సంఖ్యను ఘర్షణ గుణకమందురు. పొడిరోడ్డుపై మంచి టైరునకు అది 0.8 అనియు, తడిరోడ్డుపై మంచి టైరునకు 0.5 అనియు, తడిరోడ్డుపై నున్నగా అరిగిన టైరునకు 0.3 అనియు ఉదాహరణకు తీసికొందము. గంటకు 60 కిలోమీటర్ల వేగమున బ్రేకు త్రొక్కినచో మొదటిది సుమారు 18 మీటర్లలో ఆగును. రెండవది 28 మీటర్లలో. మూడవదానికి 47 మీటర్లు కావలెను. అడ్డము వచ్చినది చూచి కాలు బ్రేకుమీదికి పోవుటకు ఒక సెకండు పట్టినచో, ఆ లోపల మరి 17 మీటర్లు గడచిపోవును. మంచి టైరు ఆగిన చోటికి ఆవల 19 మీటర్ల దాక అరిగిన టైరు పోవుచునే యుండును. ఆ 19 మీటర్లలో రోడ్డు దాటు బాలుడుండవచ్చును. బస్సు దిగు వృద్ధురాలుండవచ్చును. అరిగిన టైరు మార్చుటకు వెనుదీసి మిగుల్చుకొన్న సొమ్ము ఆ ప్రాణమునకు వెలకాజాలదు.

టైరు చరిత్రయు తెలిసికొనదగినదే. రబ్బరును గంధకముతో కలిపి వేడిచేసి గట్టిపరచు విధానమునకు అమెరికా దేశీయుడగు చార్లెస్ గుడ్‌ఇయర్ 1844లో పేటెంటు పొందెను. మరుసటి యేడు స్కాట్లండు దేశీయుడు రాబర్ట్ విలియం థామ్సన్ గాలి నింపిన టైరునకు పేటెంటు పొందెనుగాని అది ప్రచారమునకు రాలేదు. బెల్‌ఫాస్ట్ నగరమున పశువైద్యుడుగానున్న జాన్ బాయిడ్ డన్‌లప్ తన కుమారుని మూడుచక్రముల సైకిలుకొరకు గాలిటైరు చేసి, 1888లో పేటెంటు పొందిన పిదప అది లోకమంతట వ్యాపించెను. మన దేశమున 1946లో మద్రాసు తిరువొత్తియూరులో ఆటబుడగలు చేయు చిన్న పరిశ్రమగా పుట్టిన ఎం.ఆర్.ఎఫ్. సంస్థ తరువాత టైర్లు చేయనారంభించెను. దాని కర్మాగారములలో నొకటి తెలంగాణములో సదాశివపేట యందు కలదు.

రబ్బరు సహజముగా నల్లనిది కాదు. గట్టిదనముకొరకు మసిని కలుపుటచే టైరు నల్లబడినది. 1990 దశకము నుండి కార్ల టైర్లలో ఆ మసికి బదులు కొంత సిలికాను కలుపు పద్ధతి వ్యాపించినది. ఇసుకకు మూలమైన పదార్థమే సిలికా. దీనివలన తడిపట్టు పెరిగి, బండి తేలికగా దొరలి, ఇంధనము కొంత ఆదా యగును. టైరు నుండి మనుష్యుడు కోరునవి ముఖ్యముగా మూడు: తడిలో పట్టు, తేలికగా దొరలుట, చాలకాలము మన్నుట. ఒకదానిని పెంచబోయిన వేరొకటి తగ్గుట సామాన్యము. గట్టి రబ్బరు ఎక్కువ దూరము వచ్చును గాని తడిలో జారవచ్చును. దుకాణమునకు పోయినవారు “ఎన్ని కిలోమీటర్లు వచ్చును?” అని మాత్రమే అడుగుదురు. “వానలో ఎట్లు ఆగును?” అని కూడ అడుగవలెను.

ఈ ప్రశ్నకు ఇప్పుడు చట్టముయొక్క తోడు కలదు. భారత ప్రభుత్వ రోడ్డు రవాణా మంత్రిత్వశాఖ 2022 జూన్‌లో మోటారు వాహనముల నియమములను సవరించి, కార్లు, బస్సులు, లారీల టైర్లు తడిపట్టు, దొరలుటకు కలుగు నిరోధము, శబ్దము అను మూడు విషయములందును నిర్ణీత పరీక్షలలో నెగ్గవలెనని శాసించినది. క్రొత్త నమూనాలకు 2022 అక్టోబరు నుండియు, పాత నమూనాలకు 2023 ఏప్రిల్ నుండియు ఇది అమలునకు వచ్చినది. నీరు చల్లిన దారిపై ప్రమాణముగా నుంచిన వేరొక టైరుతో పోల్చి తడిపట్టును కొలుతురు. ఐరోపా దేశములలో టైరుతోపాటు ఒక చీటీ యుండును. 2021 నుండి దానిమీద తడిపట్టును ‘ఏ’ మొదలు ‘ఇ’ వరకు అయిదు తరగతులుగా చూపుచున్నారు. ‘ఏ’ యనిన ఉత్తమము.

టైరు ప్రక్కభాగమున అచ్చుపోసిన అక్షరములు చదువుట నేర్చినవాడు మోసపోడు. 185/65 ఆర్ 15 88 హెచ్ అని యున్నదనుకొందము. 185 అనగా మిల్లీమీటర్లలో వెడల్పు. 65 అనగా ప్రక్కభాగము ఎత్తు ఆ వెడల్పులో నూటికి 65 వంతులు. ఆర్ అనగా రేడియల్ టైరు. 15 అనగా చక్రపు రిమ్ము వ్యాసము అంగుళములలో. 88 అను సంఖ్య ఒక్క టైరు 560 కిలోగ్రాములు మోయగలదని తెలుపును. హెచ్ అనగా గంటకు 210 కిలోమీటర్ల వరకు తట్టుకొనునట్లు చేసినదని అర్థము. అంత వేగమున పొమ్మని కాదు! ఇవిగాక నాలుగంకెల గుర్తొకటి యుండును. 2324 అని యున్నచో 2024వ సంవత్సరము 23వ వారమున తయారైనదని తెలియవలెను. గాళ్ళు లోతుగానున్నను, ఏండ్లు గడచిన రబ్బరు గట్టిపడి పట్టు తప్పును. అందుచే అంగడిలో ఏండ్లతరబడి నిలువయున్న టైరును కొనరాదు. భారతీయ ప్రమాణముల ఐ.ఎస్.ఐ. గుర్తును కూడ చూచుకొనవలెను.

క్రొత్త కారు టైరు గాళ్ళు సుమారు 7, 8 మిల్లీమీటర్ల లోతుండును. ఆ గాళ్ళ అడుగున అక్కడక్కడ చిన్న రబ్బరుగట్లు కానవచ్చును. టైరు అరిగి ఆ గట్లతో సమమైనచో మిగిలిన లోతు 1.6 మిల్లీమీటర్లు. అంతకు తగ్గిన టైరుతో కారు నడపుట చట్టవిరుద్ధము. కాని చట్టము చెప్పునది కడపటి హద్దు. తడిపట్టు అంతకుముందే క్షీణింపసాగును. 3 మిల్లీమీటర్లకు వచ్చినప్పుడే, ముఖ్యముగా వానకాలమునకు ముందు, మార్చుట మేలు. చేతులు కాలిన పిదప ఆకులు పట్టుకొననేల?

చాలమందికి తెలియని మాట యొకటి కలదు. ఎల్.బి.నగర్ ప్రాంతమున టైర్ల దుకాణమునకు ఒక గృహస్థు తన కుమార్తెతో పోయెననుకొందము. దుకాణదారు టైర్లను పరీక్షించి, “అయ్యా, ముందు రెండును బాగుగా అరిగినవి. వెనుకవి ఇంకొంతకాలము వచ్చును. రెండు క్రొత్తవి చాలును” అనెను.

“సరే, వానిని ముందే బిగింపుడు” అని గృహస్థు పలికెను.

“క్రొత్తవి వెనుకకు వేయుదును, అయ్యా. వెనుకవానిని ముందుకు తెత్తును.”

అమ్మాయి ఆశ్చర్యపడి, “నాన్నా, ఇంజను త్రిప్పునది ముందు చక్రములనే గదా! క్రొత్తవి ముందుండిన మేలు గాదా?” అని యడిగెను.

దుకాణదారు నవ్వి, “మంచి ప్రశ్న, తల్లీ! వానలో ముందు చక్రములు జారినచో స్టీరింగు తేలికైనట్లు చేతికి తెలియును. కాలు మెల్లగా పైకెత్తిన వేగము తగ్గి, బండి మరల దారికి వచ్చును. వెనుక చక్రములు జారినచో తెలియులోపలనే బండి గిరుక్కున తిరుగును. అప్పుడు నేర్పరియు దానిని నిలుపుట కష్టము. అందుచే మంచి టైర్లు వెనుకనే యుండవలెను” అని చెప్పెను.

వెడల్పు టైరు వేసినచో పట్టు హెచ్చునని యువకులు కొందరు తలంతురు. పొడిరోడ్డుపై అది కొంత నిజము కావచ్చును. తడిలో మాత్రము వెడల్పైన టైరు హెచ్చు నీటిని తోయవలసివచ్చి, త్వరగా నీటిపైకి తేలును. వెడల్పు పడవ సులభముగా తేలుట యెరుగనివారెవరు? కావున కారు చేసినవారు నిర్ణయించిన కొలతయే శ్రేయస్కరము. గాలి ఒత్తిడియు వారు చెప్పినంతయే యుండవలెను. డ్రైవరు తలుపు చట్రమువద్ద అంటించిన చీటీమీద అది వ్రాసియుండును. టైరు వేడెక్కకముందు, ప్రొద్దుటిపూట గాలి చూపించుకొనవలెను. స్టెప్నీలోని గాలిని మరువరాదు.

ద్విచక్రవాహనమునకు ఇంకను జాగ్రత్త అవసరము. దానికి నేలతో గల సంబంధము రెండు చిన్న తావులు మాత్రమే. ఒక చక్రము జారిన బండి పడును. రోడ్డుపై తెల్లరంగు చారలు, మ్యాన్‌హోలు ఇనుపమూతలు తడిసినప్పుడు మిక్కిలి జారుడు. వానిపై బ్రేకు వేయరాదు, బండి వంచరాదు. నీరు నిలిచినచోట గుంట యున్నదో, మూతలేని మ్యాన్‌హోలు ఉన్నదో కంటికి తెలియదు గాన చుట్టుత్రోవయైనను వేరు దారి వెదకికొనవలెను.

మంచి టైరు కొన్నంతమాత్రమున వేగమునకు హక్కు వచ్చినదని తలపరాదు. వేగము రెట్టింపైనచో బ్రేకు త్రొక్కిన పిదప ఆగుటకు పట్టు దూరము సుమారు నాలుగింతలగును. ఎ.బి.ఎస్. అను బ్రేకు సాధనము చక్రము బిగిసిపోకుండ కాపాడును గాని, లేని పట్టును సృష్టింపజాలదు. వానలో వేగము తగ్గించుట, ముందుబండికి రెట్టింపు దూరమునుండుట, బ్రేకును ఒక్కసారిగా గాక మెల్లగా త్రొక్కుట, పగలైనను దీపములు వేసికొనుట – ఇవన్నియు టైరుతో సమానమైన రక్షణలు.

విద్యార్థులు బండి నడపు వయసువారు కారు, నడపరాదు కూడ. అయినను వారు చేయదగిన పని యొకటి కలదు. జూన్ మాసమున పాఠశాలలు తెరువగనే, పుస్తకములకు అట్టలు వేయు దినములలో, ఇంటి ముంగిట నిలిచియున్న బండి కడకు పోయి, టైరు గాళ్ళలో కొలబద్ద మొన నిలిపి లోతు చూడవలెను. తయారైన వారమును, సంవత్సరమును చదువవలెను. బీటలుగాని, మేకులుగాని, ఉబ్బులుగాని ఉన్నవేమో వెదకవలెను. తాము చూచినది తల్లిదండ్రులకు చెప్పవలెను. అయిదు నిమిషముల ఈ పరీక్ష ఏదో ఒక వాన సాయంకాలమున, దిల్‌సుఖ్‌నగర్ బస్సు స్టాపువద్ద, రోడ్డు దాటుచున్న ఎవరో ఒకరి ప్రాణమును కాపాడవచ్చును. వారెవరో బండివానికిని తెలియదు. బండివాడెవరో వారికిని తెలియదు. అట్లు పేరు తెలియని తోడిమనుష్యుని క్షేమమును తలచి ముందుగా మెలగుటయే పౌరధర్మము.